షాపు ఇంకొకరికి అప్పగించే ముందు ఓనర్ సంతకం ఎలా తెచ్చుకోవాలి

"ఫోన్‌లో చెప్పాను, సరేనన్నారు." షాపు వేరేవాళ్లకు ఇచ్చేసి తర్వాత ఇరుక్కున్నవాళ్లను ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట ఇదే. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. కూకట్‌పల్లిలో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని ఐదేళ్లు జిరాక్స్, స్టేషనరీ షాపు నడిపాను. నాన్నకు ఒంట్లో బాగోక ఊరెళ్లాల్సి వచ్చి, రెండు మిషన్లతో సహా షాపును తెలిసిన కుర్రాడికి ఇచ్చేశాను. ఓనర్‌కు ఫోన్ చేస్తే "నీ ఇష్టం బాబూ, అద్దె టైముకి వస్తే చాలు" అన్నాడు. ఏడు నెలలు తిరిగేసరికి ఆ కుర్రాడు నాలుగు నెలల అద్దె బాకీ పడి షట్టర్ దించేశాడు. ఆ బాకీ, కరెంటు బిల్లు నా అడ్వాన్స్‌లో కోసుకున్నారు. మిగిలింది పెయింటింగ్‌కు సరిపోయిందన్నారు. గట్టిగా అడుగుదామంటే నా దగ్గర కాగితం ముక్క లేదు. లాయరు దగ్గరికి వెళ్తే ఆయన నవ్వి, "ఓనర్ లెక్కలో కిరాయిదారు మీరే కదండీ, ఆ అబ్బాయి ఎవరు?" అన్నాడు.

తర్వాత మా బావమరిది ఉప్పల్‌లో కర్రీ పాయింట్ వదిలేసేటప్పుడు ఆ పని దగ్గరుండి పద్ధతిగా చేయించాను. ఆ రెండు అనుభవాల మీద రాస్తున్నది ఇది. హైదరాబాద్ పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి. అసలు చట్టాలు కేంద్రానివి కాబట్టి విజయవాడలో ఉన్నా విశాఖలో ఉన్నా చాలావరకు పనికొస్తుంది.

ముందు అగ్రిమెంట్ బయటకు తీయండి

కొత్త మనిషిని వెతకడం కంటే ముందు చేయాల్సిన పని ఇది. బీరువాలో ఎక్కడో ఉంటుంది, తీసి మొత్తం చదవండి. మనలో చాలామంది సంతకం పెట్టిన రోజు కూడా చదవం. డీటీపీ సెంటర్‌లో పాత ఫైల్‌కు పేర్లు మార్చి ప్రింట్ తీసిందే అయ్యుంటుంది, అయినా అందులో ఉన్నదే మీ మీద పనిచేస్తుంది.

వెతకాల్సిన మొదటి వాక్యం దాదాపు ప్రతి అగ్రిమెంట్‌లోనూ ఉంటుంది: "ద్వితీయ పక్షం వారు సదరు మడిగెను యజమాని అనుమతి లేకుండా ఇతరులకు సబ్‌లీజుకు గాని, బదిలీ గాని చేయరాదు." ఇది ఉంటే ఇక వాదన లేదు, అనుమతి కావాల్సిందే. లేకపోతే? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్‌లోని 'జె' క్లాజు ప్రకారం, ఒప్పందంలో వద్దని లేకపోతే, స్థానిక ఆచారం అడ్డు రాకపోతే, కిరాయిదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చేయవచ్చు. వాట్సాప్‌లో తిరిగేది ఈ సగం మాత్రమే. అదే క్లాజులో రెండో సగం కూడా ఉంది: బదిలీ చేసినంత మాత్రాన పాత కిరాయిదారు బాధ్యతలు పోవు. నన్ను ముంచింది ఆ రెండో సగమే. అంటే అగ్రిమెంట్‌లో నిషేధం లేకపోయినా మీకు ఓనర్ సంతకం కావాలి. అనుమతి కోసం కాదు, విముక్తి కోసం.

తెలంగాణలో పాత భవనాల్లో, పాత అద్దెలతో ఉన్న షాపులకు ఇంకో చిక్కు ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షన్, యజమాని 'రాతపూర్వక' అంగీకారం లేకుండా హక్కు బదిలీ చేసినా సబ్‌లీజుకు ఇచ్చినా ఖాళీ చేయించడానికి అదే కారణంగా చాలంటుంది. ఫోన్‌లో సరేనన్నారన్నది అక్కడ నిలబడదు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్లలో నెలకు 3,500 దాటిన అద్దెలను, మిగతా చోట్ల 2,000 దాటినవాటిని ఈ చట్టం నుంచి తప్పించారు కాబట్టి ఇవాళ్టి షాపుల్లో ఎక్కువ భాగం దీని కిందికి రావు. కానీ తాతల కాలం నుంచి వందల్లో అద్దె కడుతున్న బజారు షాపుల సంగతి వేరు. అలాంటి షాపు మీదైతే లాయరు లేకుండా అడుగు కూడా వేయకండి.

రెండో సంగతి: ఎంత కాలానికి రాసుకున్నారు, రిజిస్టర్ అయిందా లేదా. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ కావాలి. అందుకే కదా అందరూ 11 నెలలకు రాసేది. కొందరు మాత్రం 100 రూపాయల స్టాంపు పేపర్ మీద ఐదేళ్లకు రాసుకుని నోటరీ చేయించి, ఐదేళ్ల లీజు ఉందనుకుంటారు. రిజిస్టర్ కాని ఆ కాగితం ఐదేళ్ల హక్కును నిరూపించదు. సాధారణంగా అది నెల నెలా సాగే అద్దె కిందికే వస్తుంది, 15 రోజుల నోటీసుతో ముగిసిపోతుంది. "ఇంకా మూడేళ్ల లీజు ఉంది" అని చెప్పి మీరు గుడ్‌విల్ (నడుస్తున్న షాపు పేరుకు, గిరాకీకి ఇచ్చే డబ్బు) తీసుకుంటే, కొత్తవాడు డబ్బులిచ్చి కొనుక్కున్నది గాలి. రేపు వాడు మీ ఇంటి ముందుకే వస్తాడు.

లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని కాలం) ఎప్పటివరకు ఉంది, నోటీసు ఎన్ని నెలలు, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగి ఇస్తామన్నారు, పెయింటింగ్ ఎవరిది — ఇవి కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఓనర్ దగ్గర కూర్చున్నప్పుడు తడుముకోనక్కర్లేదు.

ఏ దారిలో వెళ్లాలి

మొదటిది, లీజునే బదిలీ చేయడం. పాత ఒప్పందం అలాగే ఉంటుంది, మీ స్థానంలోకి కొత్తవాళ్లు వస్తారు. ఓనర్, మీరు, కొత్తవాళ్లు ముగ్గురూ సంతకం పెడతారు. రెండోది, పాత అగ్రిమెంట్ రద్దు చేసుకుని, ఓనర్ నేరుగా కొత్తవాళ్లతో కొత్తది రాసుకోవడం. మూడోది సబ్‌లీజు: ఓనర్‌కు మీరే కిరాయిదారు, మీకు కొత్తవాడు కిరాయిదారు.

చిన్న షాపులకు నేను రెండోదే చెబుతాను. మీ కథ అక్కడితో శుభ్రంగా ముగుస్తుంది. షరతు ఒక్కటే, రద్దు, కొత్త అగ్రిమెంట్ ఒకే రోజు, ఒకే బల్ల మీద జరగాలి. ముందు మీది రద్దు చేయించుకుని "వాళ్లది వచ్చే వారం రాద్దాం" అని ఓనర్ అన్నాడంటే, ఆ వారంలో అద్దె పెంచుతాడు, లేదా వాళ్ల మేనల్లుడికి షాపు కావాల్సొస్తుంది.

బదిలీ దారి ఎప్పుడు మంచిదంటే, మీది రిజిస్టర్ అయిన లీజు అయి, ఇంకా నాలుగైదేళ్లు మిగిలి ఉండి, అందులోని అద్దె ఇప్పటి రేటు కంటే తక్కువ ఉన్నప్పుడు. కొత్తవాళ్లకు కావాల్సింది ఆ పాత అద్దే. అప్పుడు బదిలీ పత్రం కూడా రిజిస్టర్ చేయించాలి. అలాగే రిజిస్టర్ లీజును రద్దు చేసుకుంటే ఆ రద్దు పత్రమూ రిజిస్టర్ కావాలి, లేకపోతే ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) తీసినప్పుడల్లా మీ పేరే వస్తుంది.

సబ్‌లీజు జోలికి పోవద్దు. అద్దె వసూలు మీది, బాకీ పడితే తన్నులు మీవి.

ఇక నాలుగో 'దారి' ఒకటి ఎవరో ఒకరు చెబుతారు: "పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసేసుకోండన్నా, ఓనర్‌కు చెప్పక్కర్లేదు." పేరుకు మీరు 5 శాతం భాగస్వామి, షాపులో అడుగు పెట్టరు, తాళాలు వాడి దగ్గర, గల్లా వాడిది. గొడవ కోర్టుకు వెళ్తే అక్కడ చూసేది కాగితం మీద పేరు కాదు, షాపు ఎవరి చేతిలో ఉందన్నది. దొంగ భాగస్వామ్యాలను సబ్‌లీజుగానే లెక్కగట్టిన తీర్పులు బోలెడు ఉన్నాయి.

ఓనర్ దగ్గరికి ఎప్పుడు, ఎలా

టు-లెట్ బోర్డు పెట్టకముందు, ఆన్‌లైన్‌లో ప్రకటన ఇవ్వకముందు వెళ్లండి. మీరు పోతున్న సంగతి పక్క పాన్‌షాపువాడి నోట ఓనర్ చెవిన పడిందంటే సగం పని చెడినట్టే. అంతకంటే ముందు మీ బాకీలు చూసుకోండి. రెండు నెలల అద్దె పెండింగ్ పెట్టి అనుమతి అడిగితే ఏ ఓనరైనా ఆ బాకీ దగ్గరే ఆగిపోతాడు. అద్దె, కరెంటు, వాటర్, మెయింటెనెన్స్ అన్నీ కట్టేసి, రసీదులో యూపీఐ స్క్రీన్‌షాట్లో ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.

కనీసం రెండు నెలల ముందు మాట ఎత్తండి. మన క్యాలెండర్ కూడా చూసుకోవాలి. ఆషాఢంలో, పుష్యంలో కొత్త షట్టర్ ఎత్తేవాళ్లు తక్కువ. జూన్‌లో మాట కుదిరినా "శ్రావణంలో దిగుతాం" అంటారు. మధ్యలో ఆ నెల అద్దె ఎవరిదన్నది ముందే తేల్చుకోకపోతే అది మీ నెత్తినే పడుతుంది.

మొదటిసారి ఒక్కరే వెళ్లండి. కొత్తవాణ్ణి వెంటబెట్టుకుని నేరుగా వెళ్తే, అంతా ఖాయం చేసుకుని తన దగ్గరికి సంతకానికి వచ్చారనుకుంటారు. ఆ అహం చిన్న విషయం కాదు.

ఓనర్ల భయాలు నాలుగే ఉంటాయి. వచ్చేవాడు అద్దె కడతాడా. ఏం వ్యాపారం పెడతాడు. అడిగినప్పుడు ఖాళీ చేస్తాడా. నాలుగోది పైకి చెప్పరు: నా గోడల మధ్య వీడు గుడ్‌విల్ పేరుతో లక్షలు చేసుకుంటున్నాడు, నాకేం వచ్చింది? మొదటి మూడింటికి కాగితాలు చూపించవచ్చు. నాలుగోదానికి నా సలహా, అంకె దాచకండి. ఎలాగూ తెలుస్తుంది. "ఫ్రిజ్, కౌంటర్, ఏసీ కలిపి ఇంత, సరుకు ఇంత, పేరుకు ఇంత" అని విడదీసి చెప్పండి. గుత్తగా "ఎనిమిది లక్షలు" అని వింటే వచ్చే మంట, అందులో ఆరు లక్షలు మీరు పెట్టిన సామానుదేనని తెలిస్తే రాదు.

మా బావమరిది ఓనర్ రిటైర్డ్ ఇంజనీరు, షాపు పైన మొదటి అంతస్తులోనే ఉంటారు. మేం అద్దె పెంపు గురించి అడుగుతారేమోనని లెక్కలు వేసుకుని వెళ్లాం. ఆయన అసలు ఆ ఊసే ఎత్తలేదు. టీ తాగుతూ, "నువ్వు పోతే పోయావు గానీ, ఆ వచ్చే అబ్బాయి పొయ్యి ఎక్కడ పెడతాడు?" అన్నారు. లోపలి నుంచి వాళ్ల ఆవిడ, "చేపలు వండుతాడేమో కూడా అడగండి" అన్నారు. మూడేళ్లుగా పోపు ఘాటు తమ హాల్లోకి వస్తోందని మాకు ఆ రోజే తెలిసింది. బావమరిది తల దించుకుని, "సార్, ఒక్కసారైనా చెప్పలేదే" అన్నాడు. చివరికి కొత్త అబ్బాయి పొగ గొట్టం టెర్రస్ దాకా తీసుకెళ్లేట్టు, ఖర్చు అతనిదేనని అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించాం. అద్దె వెయ్యి పెరిగింది, అంతే. ఆ గొట్టమే మాకు సంతకం తెచ్చిపెట్టింది. కాబట్టి ముందే ఊహించుకుని వెళ్లకండి, ఆయన బాధ ఏమిటో ఆయన్నే చెప్పనివ్వండి.

రెండోసారి కొత్తవాళ్లతో వెళ్లండి. వాళ్ల ఆధార్, పాన్, ఉంటే జీఎస్టీ కాపీ, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇంకెక్కడైనా షాపు ఉంటే దాని ఫొటోలు తెమ్మనండి. ఓనర్లు అడ్వాన్స్ పెంచమంటారు, అద్దె పెంచమంటారు, కొందరు బదిలీకి ఒక నెల అద్దె ఇవ్వమంటారు. ఇవన్నీ బేరాలే. ఏది ఎవరు భరిస్తారో అక్కడే, ముగ్గురి ముందూ తేల్చుకోండి.

సంతకం ఎవరిది కావాలి

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. మీతో అగ్రిమెంట్ రాసుకున్న పెద్దాయన పోయి, ఇప్పుడు అద్దె పెద్దకొడుకు అకౌంట్‌కు వెళ్తుంటే, పెద్దకొడుకు ఒక్కడి సంతకం చాలదు. ఆస్తి పంచుకోకపోతే వారసులందరూ పెట్టాలి, లేదా మిగతావాళ్లు అతనికి రాసిచ్చిన జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) చూడాలి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన దగ్గర వీధికి నాలుగు. వాళ్లు అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ ధ్రువీకరించి పంపితే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. జీపీఏలో 'లీజుకు ఇచ్చే, బదిలీకి అంగీకరించే' అధికారం ఉందో లేదో చదవండి, అద్దె వసూలు అధికారం ఒక్కటే ఉంటే పనికిరాదు. వాచ్‌మన్, మేనేజర్, అద్దె తీసుకెళ్లే బంధువు — వీళ్లెవరి సంతకమూ లెక్కలోకి రాదు.

లెటర్ ఇలా రాయండి

మాట కుదిరాక కూడా లెటర్ ఇవ్వాల్సిందే. గొప్ప భాష అక్కర్లేదు:

"గౌరవనీయులైన … గారికి,
మీ భవనం గ్రౌండ్ ఫ్లోర్‌లోని … నంబర్ షాపును … తేదీ అగ్రిమెంట్ ప్రకారం నేను అద్దెకు వాడుకుంటున్నాను. … కారణం వల్ల … తేదీ నుంచి షాపును … గారికి అప్పగించదలచాను. వారు అక్కడ … వ్యాపారం చేస్తారు. వారి గుర్తింపు కాగితాలు జతచేశాను. ఆ తేదీ వరకు అద్దె, కరెంటు, మెయింటెనెన్స్ నేనే చెల్లిస్తాను. దీనికి మీ రాతపూర్వక అంగీకారం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద 'అందింది' అని సంతకం, తేదీ వేయించుకోండి. ఓనర్ ఊళ్లో లేకపోతే స్పీడ్ పోస్ట్‌లో డెలివరీ రుజువు వచ్చేట్టు పంపి, అదే వాట్సాప్‌లోనూ పెట్టండి. బ్లూ టిక్ వచ్చి జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. మౌనం అర్ధాంగీకారం అన్నది సామెత వరకే.

ఇక ఓనర్ ఇచ్చే అంగీకార పత్రం. షాపు వివరం, పాత కొత్త కిరాయిదారుల పేర్లు, ఏ తేదీ నుంచి, ఏ వ్యాపారానికి, నెల అద్దె ఎంత — ఇవి ఎవరైనా రాస్తారు. మీరు పట్టుబట్టి రాయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అడ్వాన్స్ ఎంత, ఇప్పుడది ఎవరి పేరున జమ. ఫలానా తేదీ వరకు పాత కిరాయిదారు బాకీలు ఏమీ లేవు. ఆ తర్వాత ఈ వాక్యం, అక్షరం పోకుండా:

"… తేదీ తర్వాత ఈ షాపుకు సంబంధించిన అద్దె, బిల్లులు, నష్టాల విషయంలో … గారిపై నాకు ఎలాంటి క్లెయిమూ లేదు, ఉండదు. వారిని అగ్రిమెంట్ బాధ్యతల నుంచి విడుదల చేస్తున్నాను."

వట్టి 'అభ్యంతరం లేదు' అనే ఎన్‌వోసీతో ఆగిపోతే కొత్తవాడికి లాభం, మీకు సున్నా. కొందరు ఓనర్లు ఈ వాక్యం దగ్గర వెనకాడతారు, "ఆర్నెల్లు నువ్వు కూడా పూచీ ఉండు" అంటారు. తప్పకపోతే ఒప్పుకోండి గానీ, ఎన్ని నెలలు, ఎంత మొత్తం వరకు అన్నది అంకెల్లో రాయించండి.

డబ్బు లెక్క

ఓనర్ ఒప్పుకోకముందు కొత్తవాళ్ల దగ్గర టోకెన్ తీసుకోవద్దు. తీసుకోక తప్పకపోతే, ఓనర్ కాదంటే ఏడు రోజుల్లో తిరిగిస్తానని రాసి ఇవ్వండి. టోకెన్ ఖర్చయిపోయాక ఓనర్ కాదంటే, ఆ టెన్షన్‌లో మనుషులు ఓనర్‌కు తెలియకుండా తాళాలు ఇచ్చేస్తారు. గొడవలన్నీ అక్కడే మొదలు.

అడ్వాన్స్ ఉదాహరణ చూడండి. అద్దె 28,000, ఆరు నెలల అడ్వాన్స్ 1,68,000. దిగిపోయే నెల అద్దె 28,000, కరెంటు 4,350, పెయింటింగ్‌కు కుదిరింది 12,000. మొత్తం 44,350 పోతే మీకు రావాల్సింది 1,23,650. పద్ధతి ప్రకారం ఓనర్ అది మీకిచ్చి, కొత్తవాళ్ల దగ్గర కొత్త అడ్వాన్స్ తీసుకోవాలి. కానీ ఓనర్ చేతిలో అడ్వాన్స్ రెడీగా ఎక్కడుంటుంది, అది ఎప్పుడో ఏ కూతురి పెళ్లికో అయిపోయి ఉంటుంది. కాబట్టి కొత్తవాళ్లు మీకు 1,23,650, ఓనర్‌కు 44,350 ఇస్తే అడ్వాన్స్ మళ్లీ నిండుగా 1,68,000 అవుతుంది. ఓనర్ ఆ మొత్తం కొత్తవాళ్ల పేరున ఉందని అంగీకార పత్రంలో రాయాలి. అన్నీ బ్యాంక్ ద్వారానే ఇచ్చిపుచ్చుకోండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు.

పన్నుల మాట క్లుప్తంగా. షాపు హక్కు వదులుకున్నందుకు వచ్చే గుడ్‌విల్ లేదా పగిడీ మీద ఆదాయపు పన్ను ఉంది. మీకు జీఎస్టీ నంబర్ ఉంటే ఆ మొత్తం మీద జీఎస్టీ కూడా పడొచ్చు. నడుస్తున్న వ్యాపారాన్ని అప్పులు, ఆస్తులతో సహా మొత్తంగా అమ్మితే మినహాయింపు ఉంది, ఒట్టి ఫర్నిచర్ అమ్మితే లేదు. రేటు మాట్లాడుకోకముందే ఆడిటర్‌ను అడగండి, తర్వాత అడిగితే ఆయన చేసేదేమీ ఉండదు. కొత్తగా వచ్చేవాళ్లు తెలుసుకోవాల్సింది: 2024 అక్టోబర్ 10 నుంచి, జీఎస్టీ లేని ఓనర్ దగ్గర షాపు అద్దెకు తీసుకున్న జీఎస్టీ వ్యాపారి ఆ అద్దె మీద 18 శాతం తానే కట్టాలి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకు జీఎస్టీలో ఉన్న సులభ పద్ధతి) ఉన్నవాళ్లకు తర్వాత మినహాయింపు ఇచ్చారు. నెల అద్దె 50,000 దాటితే టీడీఎస్ (అద్దెలోంచి పన్ను ముందే కోసి కట్టడం) గురించి, ఓనర్ ఎన్నారై అయితే అద్దె ఎంతైనా సరే టీడీఎస్ గురించి అడిగి తెలుసుకోండి.

తాళాలు ఇచ్చే రోజు

కరెంటు మీటర్ రీడింగ్‌ను తేదీ కనిపించేట్టు ఫొటో తీయండి. బిల్లు సాధారణంగా ఓనర్ పేరునే ఉంటుంది, బకాయి మనిషిని కాక మీటర్‌ను పట్టుకుని ఉంటుంది. నెల మధ్యలో మారితే రీడింగ్ ప్రకారం పంచుకోండి. గోడలు, ఫ్లోరింగ్, బాత్రూమ్, షట్టర్ స్ప్రింగ్ ఒక వీడియో తీసి ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టండి. తాళాలు ఎన్ని జతలిచ్చారో అప్పగింత కాగితంలో రాయండి.

అందరూ మర్చిపోయేది ఒకటి: గోడకు అంటించిన క్యూఆర్ కోడ్, కౌంటర్ మీద సౌండ్‌బాక్స్. అవి తీయకపోతే వారం పాటు వాళ్ల గిరాకీ డబ్బులు మీ అకౌంట్‌లో పడతాయి. మా బావమరిదికి మొదటి రోజే 1,900 పడ్డాయి. కొత్త అబ్బాయి కౌంటర్ దగ్గర నిలబడి, "అన్నా, డబ్బా మోగట్లేదేంటి?" అని ఫోన్ చేశాడు. స్విగ్గీ, జొమాటో అకౌంట్లు, గూగుల్ మ్యాప్స్‌లో షాపు ఫోన్ నంబర్, సీసీ కెమెరా పాస్‌వర్డ్ కూడా ఈ కోవలోవే.

లైసెన్సులు మాత్రం షాపుతో పాటు వెళ్లిపోతాయనుకోకండి. ట్రేడ్ లైసెన్స్, లేబర్ రిజిస్ట్రేషన్ కొత్తవాళ్ల పేరున ఉండాలి. ఫుడ్ లైసెన్స్ అమ్ముకునేది కాదు, వాళ్లు కొత్తగా తీసుకోవాల్సిందే. జీఎస్టీలో మీరు వేరే చోటికి మారుతుంటే 15 రోజుల్లో అడ్రస్ మార్పు పెట్టండి. వ్యాపారమే ఆపేస్తుంటే 30 రోజుల్లో రద్దుకు దరఖాస్తు చేసి, ఫైనల్ రిటర్న్ కూడా వేయండి. ఒకే అడ్రస్ మీద మీ నంబర్ ఇంకా బతికుంటే కొత్తవాళ్ల దరఖాస్తుకు ఆఫీసర్ ప్రశ్నలు వేస్తాడు. వాళ్లకు జీఎస్టీ కోసం ఓనర్ అంగీకార పత్రం, కరెంటు బిల్లు కాపీ కావాలి కాబట్టి అవి కూడా ఆ రోజే ఇప్పించండి.

ఓనర్ ససేమిరా అంటే

ఎందుకు కాదంటున్నారో అడగండి. మనిషి నచ్చకపోతే ఇంకో మనిషిని చూపించండి. వ్యాపారం నచ్చకపోతే షరతులు రాయిద్దామనండి. నమ్మకం కుదరకపోతే మూడు నెలలు అదనపు అడ్వాన్స్, లేదా 11 నెలలు చూసి పొడిగించే పద్ధతి చెప్పండి. ఇవన్నీ అయ్యాక కూడా కాదంటే, మీ అగ్రిమెంట్‌లో 'సరైన కారణం లేకుండా నిరాకరించరాదు' అన్న మాట లేనంత వరకు ఆయన్ను బలవంతపెట్టే దారి మీకు పెద్దగా లేదు. నోటీసిచ్చి ఖాళీ చేయండి, సామాను విడిగా అమ్ముకోండి. గుడ్‌విల్ పోతుంది, బాధగానే ఉంటుంది. ఓనర్‌కు తెలియకుండా ఇచ్చేసి అడ్వాన్స్‌తో పాటు మనశ్శాంతి పోగొట్టుకోవడం కంటే అది నయం. వచ్చే షాపుకు రాసుకునే అగ్రిమెంట్‌లో ఆ మాట మొదటి రోజే పెట్టించుకోండి. షాపు ఖాళీగా ఉండి ఓనర్ మీకోసం ఎదురుచూస్తున్న రోజునే అది సాధ్యం.

షాపు తీసుకునే వైపు ఉన్నవాళ్లకు: పాత కిరాయిదారు ఎంత మంచివాడైనా ఓనర్‌ను కళ్లతో చూడకుండా రూపాయి ఇవ్వకండి. ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు ఎవరి పేరున ఉందో చూడండి. ఈసీ తీసి తాకట్టు ఉందేమో చూడండి. గోడ మీద రోడ్డు వెడల్పు మార్కింగ్ ఏమైనా కనిపిస్తే మున్సిపల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. మీరు ఐదు లక్షల ఇంటీరియర్ చేయించిన గోడ సగం పోయే గోడ కాకూడదు కదా.

చివరగా, ఓనర్ సంతకం పెట్టిన అంగీకార పత్రం, రద్దు పత్రం, అప్పగింత కాగితం, మీటర్ ఫొటో అన్నీ స్కాన్ చేసి మెయిల్లో పెట్టుకోండి, ఒరిజినల్స్ ఫైల్లో ఉంచండి. అద్దె బాకీకి దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది, కనీసం అప్పటిదాకా ఆ ఫైల్ పాతపేపర్లవాడికి పోకుండా చూడండి.